మెకానికల్ కీబోర్డ్: స్పేస్‌బార్ గలగలమంటోందా..? స్విచ్‌లు మార్చి డబ్బులు పోగొట్టుకోకండి.. ముందు స్టెబిలైజర్ల సంగతి చూడండి!

రీల్స్‌లో కీబోర్డ్ సౌండ్ టెస్ట్ వీడియోలు చూస్తుంటే చెవికి ఎంత హాయిగా ఉంటుందో.. రేకుల మీద వాన చినుకులు పడ్డట్టు టక్ టక్‌మంటూ ఒకటే శబ్దం. అదే మోడల్ ఆర్డర్ పెట్టి ఇంటికి తెప్పించుకుంటే అక్షరాల కీలన్నీ బాగానే ఉంటాయి. స్పేస్‌బార్ నొక్కగానే మాత్రం డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు గలగల! ఎంటర్, బ్యాక్‌స్పేస్, షిఫ్ట్.. వీటిదీ అదే వరస.

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. సౌండ్ బాగోలేదంటే తప్పు స్విచ్‌లదే అనుకుని కొత్త సెట్ కొనేస్తారు. 87 కీల బోర్డుకి 87 స్విచ్‌లు. ఓపిగ్గా అన్నీ మార్చాక స్పేస్‌బార్ నొక్కితే మళ్లీ అదే గోల. ఎందుకంటే ఆ చప్పుడు స్విచ్‌ది కాదు.. దానికి అటూ ఇటూ ఉండే స్టెబిలైజర్లది. పక్క మంచం మీద రూమ్మేట్ నిద్రపోతుంటే నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకి ఇది చిన్న సమస్యేం కాదు.

అసలేంటీ స్టెబిలైజర్?

మామూలు అక్షరం కీ స్థలాన్ని కీబోర్డ్ లెక్కల్లో 1యూ అంటారు. అంటే 19.05 మిల్లీమీటర్లు. ఇప్పుడొస్తున్న చాలా బోర్డుల్లో స్పేస్‌బార్ 6.25యూ. దాదాపు 12 సెంటీమీటర్ల పొడవు! అంత పొడవున్న కీ కింద కూడా స్విచ్ ఒక్కటే, అదీ మధ్యలో. ఒక చివర నొక్కితే రెండో చివర పైకి లేవాలి కదా.. తూగుడుబల్లలాగా. అలా లేవకుండా ఆపేదే స్టెబిలైజర్.

లోపల ఉండేది సింపుల్. రెండు చివర్లూ వంచిన స్టీల్ తీగ ఒకటి. ఆ చివర్లు రెండు ప్లాస్టిక్ కాడల్లోకి దూరి ఉంటాయి. ఎడమ కాడ కిందకి దిగితే తీగ తిరుగుతుంది, కుడి కాడని కూడా అంతే కిందకి లాగుతుంది. కీ ఎక్కడ నొక్కినా సమానంగా దిగుతుంది. మామూలు 2యూ కంటే చిన్న కీలకి దీని అవసరం లేదు.

మరి చప్పుడు ఎక్కడిది? తీగ తిరగాలంటే కాడలోని రంధ్రం కాస్త వదులుగా ఉండాలి. ఆ కొంచెం ఖాళీలో తీగ కొట్టుకోవడమే గలగల. ఇది కాకుండా ఇంకో రెండు రకాల శబ్దాలున్నాయి. ఒక చివర మాత్రమే 'టిక్' మంటుంటే తీగ సమానంగా లేదని అర్థం. రాట్లింగ్ ఏం లేకుండా అడుగున మెత్తగా, బురదలో కాలేసినట్టు అనిపిస్తే అది కాడల కింద ఉండే చిన్న కాళ్ల పని. ఈ మూడింటినీ విడదీసి గుర్తుపట్టడం తెలిస్తే సగం ఖర్చు తప్పినట్టే. స్పేస్‌బార్‌ని ముందు ఎడమ చివర, తర్వాత కుడి చివర, ఆ తర్వాత మధ్యలో.. విడివిడిగా నొక్కి వినండి.

చెర్రీ.. కోస్టార్.. తేడా ఏంటి?

మొత్తం స్టెబిలైజర్లని రెండు కుటుంబాలుగా చూడొచ్చు. ఒకటి జర్మన్ కంపెనీ చెర్రీ పేరుతో పిలిచేది, రెండోది కోస్టార్.

కోస్టార్ రకంలో తీగ బయటికే కనిపిస్తుంది. కీక్యాప్ లోపల చిన్న ప్లాస్టిక్ ముక్కలు బిగించి, తీగ చివర్లని వాటిలోకి దూర్చాలి. జపాన్ బ్రాండ్ ఫిల్కో మెజెస్టచ్ కీబోర్డులతో ఇది బాగా పేరు తెచ్చుకుంది. నొక్కితే మెత్తదనం లేకుండా స్పష్టంగా తగులుతుంది. ఈ విషయంలో దీన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ కీక్యాప్ ఊడదీసి మళ్లీ పెట్టడం ఉంది చూశారూ.. సూదిలో దారం ఎక్కించడమే నయం. క్యాప్ కింద చెయ్యి పట్టదు, తీగ ఒకవైపు ఎక్కితే ఇంకోవైపు ఊడుతుంది. రంగురంగుల కీక్యాప్‌లు మార్చుకునే అలవాటున్నవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఇప్పుడు కొత్త బోర్డుల్లో కోస్టార్ కనిపించడం కూడా తక్కువే.

చెర్రీ రకంలో స్విచ్‌కి రెండు పక్కలా చిన్న ప్లాస్టిక్ పెట్టెలు, వాటి మధ్యలో స్విచ్ మీద ఉన్నట్టే ప్లస్ గుర్తు ఆకారంలో కాడలు ఉంటాయి. కీక్యాప్ నేరుగా పైనుంచి నొక్కితే కూర్చుంటుంది. లాగితే వస్తుంది. అందుకే మార్కెట్ అంతా ఇటే వచ్చేసింది. ఇప్పుడు ఎంచుకోవడం అంటే నిజానికి ఈ చెర్రీ రకంలోనే ఏది అని.

ఇంట్లో ఉన్నది ఏ రకమో తెలియకపోతే స్పేస్‌బార్‌ని గట్టిగా పీకేయకండి. ఒక అంచు కాస్త పైకెత్తి ఫోన్ టార్చ్ వేసి చూడండి. తీగ నేరుగా క్యాప్‌లోకి దూరి ఉంటే కోస్టార్. అప్పుడు లాగితే లోపలి ముక్కలు విరుగుతాయి.

అసలు ఆట ఇక్కడే: దేనికి బిగించారు?

చెర్రీ స్టెబిలైజర్లు మూడు విధాలుగా బిగిస్తారు. స్విచ్‌లు కూర్చునే ప్లేటుకి తగిలించేది ప్లేట్ మౌంట్. కింద ఉండే సర్క్యూట్ బోర్డుకి, అంటే పీసీబీకి క్లిప్‌తో నొక్కేది స్నాప్-ఇన్. అదే పీసీబీకి స్క్రూతో బిగించేది స్క్రూ-ఇన్.

తక్కువ ధర రెడీమేడ్ కీబోర్డుల్లో ఎక్కువగా ఉండేది ప్లేట్ మౌంట్. ఫ్యాక్టరీలో బిగించడం తేలిక. పీసీబీలో ప్రత్యేకంగా రంధ్రాలు అక్కర్లేదు. సమస్య ఏంటంటే ప్లేటు అంచుకి క్లిప్ పట్టుకున్న చోట ఎంతోకొంత కదలిక ఉంటుంది. నొక్కిన ప్రతిసారీ పెట్టె మొత్తం కాస్త ఊగుతుంది. తీగ చప్పుడుకి ఈ ఊగుడు తోడవుతుంది.

స్నాప్-ఇన్ పీసీబీకే పట్టుకుంటుంది కాబట్టి ఊగుడు తక్కువ. అయితే కీక్యాప్ గట్టిగా లాగితే దాంతోపాటు స్టెబిలైజర్ కూడా పీసీబీ నుంచి లేచి వచ్చేస్తుంది. క్యాప్ బిగుతుగా ఉంటే మరీను. స్క్రూ-ఇన్‌లో ఆ భయం లేదు. ఒక పక్క కొక్కెం, ఇంకో పక్క స్క్రూ.. కదలదు. 2021లో వచ్చిన కీక్రాన్ క్యూ1 లాంటి రెడీమేడ్ బోర్డులు కూడా స్క్రూ-ఇన్‌తోనే వచ్చాయి. విడిగా కొనేవాళ్లలో డ్యూరాక్ వీ2, జీఎంకే స్క్రూ-ఇన్ పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి.

అలాగని 'స్క్రూ-ఇన్' అని బాక్స్ మీద ఉంటే చాలు, సౌండ్ అదిరిపోతుందనుకుంటే పొరపాటే. గ్రీజు సరిగ్గా రాయని స్క్రూ-ఇన్ కంటే బాగా రాసిన ప్లేట్ మౌంట్ ఎంతో నయం. స్క్రూ పెట్టెని కదలకుండా ఆపుతుంది తప్ప లోపల తీగ కొట్టుకోవడాన్ని ఆపదు కదా!

ఇంకో మెలిక కూడా ఉంది. దీన్ని అమ్మేవాళ్లు పెద్దగా చెప్పరు. ప్లేట్ మౌంట్‌లో తీగ సాధారణంగా ప్లేటు పైనే కనిపిస్తుంది. క్యాప్ తీస్తే చేతికి అందుతుంది. పీసీబీ రకాల్లో తీగ ప్లేటుకీ పీసీబీకీ మధ్యలో ఉంటుంది. దాన్ని బయటికి తీయాలంటే స్విచ్‌లన్నీ పీకి, ప్లేటు లేపాలి. స్విచ్‌లు చేత్తో ఊడే హాట్‌స్వాప్ బోర్డయితే ఓ గంట పని. సోల్డర్ చేసిన బోర్డయితే 60, 80 స్విచ్‌ల టంకం ఒక్కొక్కటిగా కరిగించాలి. చెయ్యి జారి పీసీబీ మీద రాగి ప్యాడ్ లేచిందంటే ఆ కీ పోయినట్టే. అందుకే స్క్రూ-ఇన్ పెట్టేవాళ్లు స్విచ్‌లు టంకం పెట్టకముందే స్టెబిలైజర్లని పదిసార్లు నొక్కి చూసుకుంటారు.

ఆర్డర్ పెట్టేముందు ఇవి చూడకపోతే డబ్బులు వేస్ట్

ముందు పీసీబీలో రంధ్రాలున్నాయా లేదా చూడాలి. పొడవు కీల స్విచ్ స్థానానికి రెండు పక్కలా ఒక పెద్ద రంధ్రం, ఒక చిన్న రంధ్రం జంటగా ఉంటేనే స్నాప్-ఇన్, స్క్రూ-ఇన్ పడతాయి. లేకపోతే ప్లేట్ మౌంటే గతి. ఎంత ఖరీదైన స్క్రూ-ఇన్ కొన్నా పెట్టుకోవడానికి చోటుండదు. ప్యాకెట్ విప్పాక రిటర్న్ తీసుకుంటారో లేదో అది కూడా ముందే చదువుకోవాలి.

తర్వాత పీసీబీ మందం. ఎక్కువ బోర్డులు 1.6 మిల్లీమీటర్లు. కొన్ని 1.2 మిల్లీమీటర్లతో వస్తాయి. 1.6 కోసం చేసిన స్టెబిలైజర్‌ని 1.2 బోర్డుకి బిగిస్తే వదులుగా ఉండి మళ్లీ మొదటికే వస్తుంది. సన్నని వాషర్లు వేసి సర్దుకోవచ్చు కానీ రెండు మందాలకీ విడివిడిగా అమ్మే బ్రాండ్లున్నప్పుడు ఆ తిప్పలెందుకు.

ఎన్ని కావాలన్నది ఇంకో లెక్క. 2యూ నుంచి 2.75యూ దాకా.. అంటే బ్యాక్‌స్పేస్, ఎంటర్, రెండు షిఫ్ట్‌లకీ ఒకే సైజు తీగ సరిపోతుంది. దీన్ని 2యూ అనే పిలుస్తారు. నంబర్ ప్యాడ్ లేని 87 కీల బోర్డుకి నాలుగు 2యూ, ఒక 6.25యూ కావాలి. నంబర్ ప్యాడ్ ఉంటే దాని సున్నా, ప్లస్, ఎంటర్ కోసం మరో మూడు. 65 శాతం బోర్డుల్లో చాలావరకు కుడి షిఫ్ట్ 1.75యూనే కాబట్టి మూడు 2యూ చాలు. స్పేస్‌బార్ 7యూ ఉండే బోర్డులు కూడా ఉన్నాయి, దాని తీగ వేరు. స్కేలు పెట్టి కొలవండి.. 12 సెంటీమీటర్ల దగ్గర ఉంటే 6.25యూ, 13 దాటితే 7యూ. ఇక ల్యాప్‌టాప్‌లా పల్చగా ఉండే లో-ప్రొఫైల్ బోర్డులకి ఇవేవీ పనికిరావు.

కొనకుండానే సరిచేసుకోవచ్చా?

చాలా సందర్భాల్లో అవును! ప్లేట్ మౌంట్ ఉన్నవాళ్లు కొత్తవి కొనేముందు గ్రీజుతో ప్రయత్నించి తీరాలి. సూది మొన మొద్దుగా ఉన్న సిరంజిలో డైఎలక్ట్రిక్ గ్రీజు నింపి, తీగ చివర కాడలోకి దూరే చోట కొంచెం వదిలి, కీ పదిపదిహేను సార్లు నొక్కాలి. బోర్డు విప్పక్కర్లేదు. వారంటీ గొడవ కూడా ఉండదు. విప్పి చేసేవాళ్లు తీగ చివర్లకి ఈ చిక్కటి గ్రీజు, కాడలు జారే పెట్టె గోడలకి క్రైటాక్స్ 205జీ0 లాంటిది పల్చగా రాస్తారు. ఎక్కువ రాస్తే ఇంకా బాగుంటుందనుకోవద్దు. కీ నొక్కాక తిరిగి లేవడానికి బద్ధకిస్తుంది. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె లాంటి ప్రయోగాలు అసలొద్దు. అవి పల్చగా కారి స్విచ్‌లోకి, పీసీబీ మీదకి దిగుతాయి.

టిక్ శబ్దానికి గ్రీజు మందు కాదు. తీగని బయటికి తీసి అద్దం మీద పెట్టి చూడాలి. అంతా అద్దానికి ఆనాలి. ఒక మూల లేచి ఊగుతుంటే దాన్ని వేళ్లతో కొంచెం కొంచెంగా వంచి సరిచేయాలి. ఓపిక కావాలి కానీ పైసా ఖర్చు లేదు. నిజానికి ఎక్కువ ఫలితం ఇచ్చేది కూడా ఇదే.

యూట్యూబ్ చూసి కాడల కింది కాళ్లు గోరుకత్తెరతో కత్తిరించేవాళ్లు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. అది మెత్తదనాన్ని తగ్గిస్తుంది, నిజమే. కానీ ఒకసారి కత్తిరిస్తే అతికించలేం. డ్యూరాక్ వీ2 లాంటి కొత్త రకాలకి అసలు ఆ కాళ్లే ఉండవు. లేని కాళ్లు వెతుకుతూ ప్లాస్టిక్ చెక్కేస్తే నష్టం మీకే. కాడలు తగిలే చోట పీసీబీ మీద గుడ్డ బ్యాండేజ్ ముక్క అంటించే చిట్కా కూడా ఉంది. శబ్దం మెత్తబడుతుంది కానీ కొన్నాళ్లకి జిగురు జిడ్డవుతుంది. పల్చని ఫోమ్ స్టిక్కర్లు దానికంటే శుభ్రం.

మరి ఎవరికి ఏది?

సొంతంగా కీబోర్డ్ కూర్చుకునేవాళ్లు, పీసీబీలో రంధ్రాలుంటే స్క్రూ-ఇన్ తీసుకోవచ్చు. ఇందులో పెద్దగా ఆలోచించాల్సిందేం లేదు. స్క్రూ మరీ బిగించి ప్లాస్టిక్ మర పాడుచేసుకోకుండా, స్క్రూ తల కింద చిన్న వాషర్ వేసుకుంటే చాలు. తక్కువ ధర రెడీమేడ్ బోర్డు వాడుతూ చప్పుడు మాత్రమే తగ్గాలనుకునేవాళ్లు ఉన్న ప్లేట్ మౌంట్‌నే గ్రీజుతో దారిలోకి తెచ్చుకోవడం మేలు. బోర్డు సోల్డర్ చేసిందై, వారంటీలో ఉంటే సిరంజి పని తప్ప ఇంకేం చేయకండి. స్నాప్-ఇన్ ఇప్పటికే ఉంటే ఉంచుకోవచ్చు, కీక్యాప్ తీసేటప్పుడు రెండు చివర్లూ సమానంగా నెమ్మదిగా లేపితే సరి. కొత్తగా కొనడానికైతే దానికి పెద్ద కారణం లేదు.

ఇన్ని చేసినా స్పేస్‌బార్ ఒక పక్క టిక్‌మంటూనే ఉంటే స్టెబిలైజర్‌ని తిట్టేముందు ఒక చిన్న పరీక్ష ఉంది. పొడవు క్యాప్‌లు, ముఖ్యంగా పీబీటీ ప్లాస్టిక్‌వి, అచ్చులోంచి వచ్చేటప్పుడే కొద్దిగా వంగుతుంటాయి. స్పేస్‌బార్ క్యాప్ తీసి ఎడమది కుడికి వచ్చేలా తిప్పి పెట్టండి. టిక్ శబ్దం కూడా క్యాప్‌తో పాటే రెండో వైపుకి మారిందా.. వంకర క్యాప్‌ది. ఉన్న చోటే ఉందా.. అప్పుడు తీగ బయటికి తీయండి.