నేల మీద పరిచిన తీగ: రాత్రిపూట దూరపు స్టేషన్లు వినడానికి హ్యామ్‌లు వాడే యాంటెన్నా

హ్యామ్ రేడియో అనగానే అందరికీ గుర్తొచ్చేది మేడ మీద ఎత్తైన స్తంభం, దాని పైన అడ్డకడ్డీలు. యాంటెన్నా ఎంత ఎత్తులో ఉంటే అంత మంచిదనేది మామూలుగా వినిపించే మాట. సిగ్నల్ పంపడానికి అది చాలావరకు నిజమే. కానీ లో బాండ్లలో, అంటే 160, 80, 40 మీటర్ల బాండ్లలో వినడానికి మాత్రం చాలామంది హ్యామ్‌లు దీనికి పూర్తిగా ఉల్టా పని చేస్తారు. ఇన్సులేషన్ ఉన్న మామూలు వైరు తీసుకుని గడ్డిలో పరిచేస్తారు. స్తంభం అక్కర్లేదు, కట్టుతాళ్లు అక్కర్లేదు. పక్కింటివాళ్లకు అక్కడ యాంటెన్నా ఉందని కూడా తెలియదు.

చూసేవాళ్లకు ఇది పిల్లల ఆటలాగే ఉంటుంది. సిగ్నల్ బలం చూపే మీటరు చూస్తే ఇంకా నిరాశ కలుగుతుంది, ముల్లు దాదాపు కదలదు. అయినా పెద్ద యాంటెన్నాలో అసలు వినిపించని గొంతు ఈ తీగ మీద స్పష్టంగా వినిపించే రాత్రులు ఉంటాయి. ఎందుకో తెలియాలంటే ముందు లో బాండ్ల తీరు తెలియాలి.

160 మీటర్ల బాండ్ అంటే సుమారు 1.8 మెగాహెర్ట్జ్. రేడియోలో మీడియం వేవ్ ముగిసిన చోటికి కాస్త పైన ఉంటుంది. 80 మీటర్లు అంటే 3.5, 40 మీటర్లు అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర. పగటిపూట ఆకాశంలో డి అనే పొర ఈ తరంగాలను మింగేస్తుంది, అందుకే దూరపు స్టేషన్లు రావు. సూర్యాస్తమయం తర్వాత ఆ పొర పలచబడిపోతుంది. తరంగాలు ఇంకా పైకి వెళ్లి, అక్కడి పొరల నుంచి వంగి వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. మీడియం వేవ్‌లో పగలు రాని ఊళ్ల స్టేషన్లు రాత్రి వినబడటానికి కూడా ఇదే కారణం.

ఇబ్బందల్లా రొద. ఎక్కడో పడే పిడుగుల గరగర కూడా ఈ బాండ్లలో వేల కిలోమీటర్లు ప్రయాణించి వస్తుంది. దానికి తోడు ఇంట్లోని ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్, సెట్‌టాప్ బాక్సు, ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జరు తలా కాస్త రొద కలుపుతాయి. పెద్ద యాంటెన్నా సిగ్నల్‌ను ఎంత బాగా పడుతుందో ఈ రొదను కూడా అంతే బాగా పడుతుంది. షాదీఖానాలో బ్యాండు మోగుతుంటే ఎదురుగా ఉన్న మనిషి మాట వినపడదు కదా! అప్పుడు మనకు కావాల్సింది పెద్ద చెవి కాదు. మాట వచ్చే వైపుకు తిరిగి, మిగతా వైపు చెయ్యి అడ్డం పెట్టుకోవడం.

దుకాణం లెక్కలో చెప్పాలంటే, ఇక్కడ టర్నోవర్ కాదు, మిగులు చూడాలి. పెద్ద యాంటెన్నాలో సిగ్నల్ కంటే రొద 4 డెసిబెల్స్ ఎక్కువ ఉందనుకోండి. గొంతు మునిగిపోతుంది. నేల తీగకు మారగానే సిగ్నల్ 20 డెసిబెల్స్ తగ్గింది, రొద మాత్రం 30 తగ్గింది అనుకుందాం. ఇప్పుడు సిగ్నల్ రొద కంటే 6 డెసిబెల్స్ పైన నిలుస్తుంది. మొత్తం మీద వచ్చింది తక్కువే, అయినా మాట అర్థమవుతుంది. తగ్గిన బలాన్ని రిసీవర్‌లో వాల్యూమ్ పెంచి రాబట్టుకోవచ్చు. కలిసిపోయిన రొదను విడదీయడం అంత సులువు కాదు.

వందేళ్ల కిందటి కథ

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం హయట్స్‌విల్‌లో జేమ్స్ హ్యారిస్ రోజర్స్ అనే ఆయన తీగలను భూమిలో పాతిపెట్టి యూరప్ నుంచి వచ్చే సిగ్నల్స్ విన్నాడు. అమెరికా నౌకాదళం ఆ పద్ధతిని వాడుకుంది.

ఆ తర్వాత వచ్చిన పేరు హెరాల్డ్ బెవరేజ్. 1919లో మెయిన్ రాష్ట్రంలోని ఆటర్ క్లిఫ్స్ నౌకాదళ రేడియో స్టేషన్ దగ్గర ఆయన పొడవాటి తీగలతో ప్రయోగాలు చేశాడు. అలాంటి తీగ మామూలుగా రెండు కొసల వైపు నుంచీ వింటుంది. నేలకు దగ్గరగా ఉంచి, ఒక కొసను సరైన రెసిస్టర్ ద్వారా భూమికి కలిపితే ఒక్క వైపు నుంచే వింటుందని ఆయన 1920లో కనిపెట్టాడు. 1921 జూన్‌లో పేటెంట్ వచ్చింది. అట్లాంటిక్ అవతలి టెలిగ్రాఫ్ సందేశాలు వినడానికి ఆర్‌సీఏ కంపెనీ లాంగ్ ఐలాండ్‌లోని రివర్‌హెడ్ దగ్గర 14 కిలోమీటర్లకు పైగా పొడవైన తీగ లాగింది. అప్పట్లో వాడిన తరంగాలే అంత పొడవు మరి.

హ్యామ్‌లకు ఇది తెలిసొచ్చింది 1921 డిసెంబర్‌లో. అమెరికా హ్యామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ తమ గొంతు సముద్రం దాటుతుందా లేదా చూడమని పాల్ గాడ్లీని ఓడలో పంపింది. ఆయన స్కాట్లండ్‌లోని ఆర్డ్రోసన్ దగ్గర సముద్రపు ఒడ్డున గుడారం వేసుకుని, చిన్న కర్రల మీద బెవరేజ్ తీగ లాగి, చలిలో రాత్రంతా కూర్చుని విన్నాడు. కనెక్టికట్‌లోని గ్రీనిచ్ నుంచి హ్యామ్‌లు పంపిన సందేశం చేరింది. అవి 230 మీటర్ల చుట్టుపక్కల తరంగాలు. నాటి నిపుణులు వాటిని దూరానికి పనికిరానివిగా లెక్కగట్టి హ్యామ్‌లకు వదిలేశారు!

నేల మీద తీగ ఎలా వింటుంది?

దూరం నుంచి వచ్చే తరంగం నేల మీదుగా సాగుతుంటే, దాని అడుగుభాగాన్ని నేల కాస్త వెనక్కి లాగుతుంది. తరంగం ముందుకు ఒరిగినట్టు అవుతుంది. ఆ ఒరుగులో ఉండే అడ్డ భాగమే తీగలో కరెంటు పుట్టిస్తుంది. రెసిస్టర్ ఉన్న కొస వైపు నుంచి తరంగం వస్తే, తీగ పొడవునా పుట్టిన కరెంటు ఒకదానికొకటి తోడై రిసీవర్ కొసకు చేరుతుంది. అవతలి వైపు నుంచి వచ్చింది రెసిస్టర్‌లో ఆరిపోతుంది. కాబట్టి ఏ వైపు వినాలంటే రెసిస్టర్ కొస ఆ వైపుకు ఉండాలి. హైదరాబాద్ నుంచి యూరప్ వినాలంటే వాయవ్యానికి, జపాన్ వినాలంటే ఈశాన్యానికి. గల్ఫ్ దేశాలైతే పడమరకు, కొంచెం వాయవ్యం వైపు మొగ్గుతో. దిక్కు 20 డిగ్రీలు అటూ ఇటూ అయినా పెద్దగా నష్టం లేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. నేల ఎంత మంచి వాహకమైతే ఈ యాంటెన్నా అంత పేలవంగా పని చేస్తుంది. ఉప్పునీటి మీద తరంగం దాదాపు ఒరగదు. సముద్రపు ఒడ్డు చౌడు నేలల కంటే, నీళ్లు నిలిచిన డెల్టా మాగాణి కంటే, రాళ్లు కలిసిన ఎండు ఎర్రనేల దీనికి మేలు. పంటకు పనికిరాదని పక్కన పెట్టే జాగా ఇక్కడ అక్కరకొస్తుంది.

అసలు బెవరేజ్ తీగ మనిషి ఎత్తు కర్రల మీద, కనీసం ఒక తరంగం పొడవు ఉండాలంటారు. 160 మీటర్ల బాండ్‌కు అది 160 మీటర్లు. అంత జాగా ఎవరి దగ్గరుంటుంది? అదే తీగను నేల మీద పడేస్తే అందులో సిగ్నల్ వేగం బాగా తగ్గిపోతుంది. నేలను బట్టి కాంతి వేగంలో సుమారు సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా ఉండొచ్చు. అందువల్ల 60 నుంచి 75 మీటర్ల తీగ తన పొడవుకు మించిన పని చేస్తుంది. పొలం గట్టు సరిపోతుంది. బాగుంది కదా అని ఇంకా పొడవు పెంచితే మాత్రం చెడుతుంది. తీగలో నెమ్మదిగా వచ్చే కరెంటు, పైన వేగంగా పోయే తరంగం ఒకదానికొకటి అడుగు తప్పుతాయి. 90 మీటర్లు దాటాక లాభం పోయి నష్టం మొదలవుతుంది.

నేల మీద తీగకు రెసిస్టర్ 200 నుంచి 300 ఓమ్‌ల మధ్య పెడతారు. రెండు కొసల్లోనూ ఎర్త్ రాడ్లు దిగ్గొట్టాలి. రిసీవర్ కొసలో చిన్న ఫెర్రైట్ ముక్క మీద చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. చుట్ల నిష్పత్తి 2:1 అయితే ఓమ్‌లలో అది 4:1 అవుతుంది, సుమారు 300 ఓమ్‌లను 75కు దింపుతుంది. అక్కడి నుంచి ఇంటిదాకా కేబుల్ టీవీవాళ్లు వాడే 75 ఓమ్‌ల ఆర్‌జీ-6 కేబుల్ చాలు. మొత్తం సామానులో ఖరీదైనది బహుశా ఆ కేబులే.

పాతిక గజాల జాగా ఉన్నవాళ్లకు

పొలం గట్టు లేనివాళ్ల కోసం ఇంకో రకం ఉంది. హ్యామ్‌లు దీన్ని లూప్ ఆన్ గ్రౌండ్ అంటారు. వైరును నేల మీద చతురస్రంగా పరచడం, అంతే. ఒక్కో వైపు సుమారు నాలుగున్నర మీటర్లు, మొత్తం 18 మీటర్ల వైరు. గజాల్లో చూస్తే పాతిక గజాల లోపే. దీనికి రెసిస్టర్ లేదు, ఎర్త్ రాడ్ కూడా లేదు. ఒక మూల తెంచి, ఆ రెండు కొసలను 9:1 దరిదాపుల్లో ఉండే ట్రాన్స్‌ఫార్మర్‌కు కలుపుతారు. రెండు చుట్లు ఒకదానికొకటి తగలకుండా పూర్తిగా విడిగా ఉండటం ఇక్కడ ముఖ్యం. ఫలానా దిక్కు అని పెద్దగా ఎంచుకోదు, కాబట్టి పొడవాటి తీగలా వెనక వైపు రొదను కోయలేదు. అయినా ఇంటి కరెంటు వైర్లకు దూరంగా నేలను అంటుకుని ఉండటం వల్లే చాలా రొద తప్పించుకుంటుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు డాబా మీద పరుస్తామంటే అదే ఫలితం రాదు. స్లాబులో ఇనుప చువ్వలుంటాయి, కింద పది ఇళ్ల చార్జర్లుంటాయి. అది నేల కిందకు రాదు.

ఎక్కువమంది దెబ్బతినేది తీగ దగ్గర కాదు, కేబుల్ దగ్గర. ఇంటి రొద కేబుల్ పై జల్లెడ మీదుగా నడిచి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లోపలికి దూరుతుంది. అప్పుడు తీగ ఎంత దూరంలో పరిచినా ఇంట్లో పరిచినట్టే. కనిపెట్టడం సులువు. తీగ విప్పేసి, దాని బదులు ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక రెసిస్టర్ తగిలించి వినాలి. రిసీవర్ నిశ్శబ్దమైపోవాలి. ఇంకా స్టేషన్లు వినబడుతున్నాయంటే కేబులే యాంటెన్నాగా పని చేస్తోందన్నమాట. ఫెర్రైట్ రింగు మీద కేబుల్‌ను కొన్ని చుట్లు చుడితే ఆ దారి మూసుకుపోతుంది.

ప్రీ-యాంప్ కొనే ముందు ఇంకో చిన్న పరీక్ష చేసుకోవాలి. రాత్రిపూట యాంటెన్నా తగిలించగానే రిసీవర్‌లో శబ్దం స్పష్టంగా పెరిగిందా? పెరిగితే ప్రీ-యాంప్ ఖర్చు దండగ. పెరగకపోతే 15, 20 డెసిబెల్స్ పెంచేది ఒకటి చాలు.

ఈ తీగల్లోకి సిగ్నల్ పంపకూడదు. రెసిస్టర్ కాలిపోతుంది, వెళ్లిన పవర్‌లో ఎక్కువ భాగం మట్టిని వేడి చేస్తుంది. పంపడానికి వేరే యాంటెన్నా ఉండాల్సిందే. అది దగ్గర్లోనే ఉంటే, పంపే సమయంలో నేల తీగను రిలేతో విడదీయాలి, లేదంటే రిసీవర్ ముందు భాగం దెబ్బతినే ప్రమాదం ఉంది.

వినడం అంత ముఖ్యమా?

మన రాష్ట్రాల్లో హ్యామ్ రేడియో అంటే ముందు వినిపించే పేరు హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. 2004 డిసెంబర్‌లో ఈ సంస్థ తరఫున భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్లింది. ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడటానికి వెళ్లినవాళ్లు, 26న సునామీ రాగానే మనుషుల క్షేమ సమాచారాలు చేరవేసే పనిలోకి దిగారు. ఆ సందేశాలు ఎక్కువగా 14 మెగాహెర్ట్జ్ మీద నడిచాయి, నేల తీగలతో సంబంధం లేదు. కానీ విపత్తు వేళ ఎవరి పరిస్థితి ఎలా ఉంటుందో అక్కడ చూడొచ్చు. ఆపదలో ఉన్న చోట కరెంటు ఉండదు, బ్యాటరీ మీద చిన్న పవర్, వంగిపోయిన యాంటెన్నా. అక్కడివాళ్లు తమ గొంతు పెంచలేరు. అందుకునేవాళ్లే బాగా వినాలి. తుఫాను రాత్రి ఒకే రాష్ట్రంలోని ఊళ్ల మధ్య మాట్లాడాలంటే 80, 40 మీటర్ల బాండ్లే దిక్కు. ఆ రాత్రే రొద కూడా ఎక్కువ.

సిగ్నల్ పంపాలంటే కేంద్ర టెలికం శాఖ పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. 12 ఏళ్లు నిండినవాళ్లు రాయొచ్చు.

కాలం విషయానికొస్తే, వేసవి చివర, వానాకాలంలో పిడుగుల గరగర ఎక్కువ. చలికాలం రాత్రులే వీటికి మంచి సీజన్. సూర్యోదయానికి, సూర్యాస్తమయానికి అటూ ఇటూ అరగంట అన్నిటికన్నా మేలు. ఉరుములు మొదలైతే కేబుల్ విప్పి ఇంటి బయట పెట్టాలి. వైరు గడ్డిలో కనిపించదు కాబట్టి పిల్లలు, పెద్దవాళ్లు కాలు తట్టుకుని పడకుండా కొంకీలతో అక్కడక్కడా నేలకు బిగించాలి. గడ్డి కోసే ముందు ఎత్తి చుట్టేసుకోవాలి. మేకలు తిరిగే చోటైతే రోజూ ఒకసారి చూసుకోవడం మంచిది, ఇన్సులేషన్ వాటికి ఇష్టంలా ఉంది.