ఆంగ్ల క్రమరహిత క్రియల అభ్యసనం: పట్టిక వెనుక చరిత్ర

వ్యాససంగ్రహం:
ఆంగ్ల భాషలో భూతకాల రూపాలు సాధారణ సూత్రానికి లొంగని క్రియలను ఇర్రెగ్యులర్ వెర్బ్స్ అంటారు. తెలుగు విద్యార్థులు వీటిని మూడు వరుసల పట్టికగా కంఠస్థం చేయడం తరతరాలుగా కొనసాగుతున్న అలవాటు. ఈ రూపాలకు మూలమైన ప్రాచీన వ్యవస్థను, వాటిని అక్షరక్రమ పట్టికగా మార్చిన వ్యాకరణ రచనను, శిశువుల భాషార్జనపై జరిగిన పరిశోధనలను ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. తెలుగు క్రియారూపాలతో పోల్చి, ఈ క్రియల బోధనకు అక్షరక్రమం కంటే వాడుక, ధ్వనిసామ్యం అనే రెండు ప్రాతిపదికలు సహేతుకమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్రమరహిత క్రియలు, అచ్చు మార్పు, ఆదేశం, వాడుక తరచుదనం, భాషార్జన, ఆంగ్ల బోధన.

1. ఉపోద్ఘాతం:
'గో – వెంట్ – గాన్', 'కమ్ – కేమ్ – కమ్' అంటూ వల్లె వేయడం తెలుగునాట ఆంగ్లం నేర్చిన ప్రతి తరానికీ పరిచితమే. ఎక్కాల పుస్తకంలోని ఎక్కాలకూ ఈ పట్టికకూ విద్యార్థి దృష్టిలో పెద్ద భేదం ఉండదు. అయితే ఎక్కాలకు వెనుక కూడిక అనే తర్కం ఉంది. దానిని ఉపాధ్యాయుడు చూపగలడు. క్రియల పట్టిక విషయంలో మాత్రం "ఇవి ఇంతే, గుర్తుపెట్టుకోవాలి" అన్నదే తరచుగా వినిపించే సమాధానం. ఫలితంగా 'క్యాచ్‌డ్' అని రాసిన విద్యార్థికి తాను సూత్రాన్ని సరిగానే గ్రహించానన్న సంగతి తెలియదు. తప్పు చేశానన్నది మాత్రమే తెలుస్తుంది. ఈ క్రియలు నిజంగా హేతువు లేనివేనా, లేక హేతువును పట్టిక కప్పివేసిందా అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

2. క్రమరాహిత్యానికి ముందున్న క్రమం:
ప్రాచీన ఆంగ్లంలో క్రియలు రెండు ప్రధాన విభాగాలుగా ఉండేవి. ధాతువులోని అచ్చు మారడం ద్వారా భూతకాలాన్ని తెలిపేవి ఒక విభాగం. ధాతువుకు దంత్య ప్రత్యయం చేరేవి మరొక విభాగం. జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ 1819లో వెలువడిన తన జర్మానిక్ వ్యాకరణంతో వీటికి బలక్రియలు, దుర్బలక్రియలు అన్న వ్యవహారాన్ని స్థిరపరచాడు. ప్రాచీన ఆంగ్ల బలక్రియలను పండితులు ఏడు వర్గాలుగా విభజిస్తారు. 'రైడ్ – రోడ్ – రిడెన్', 'డ్రైవ్ – డ్రోవ్ – డ్రివెన్', 'రైట్ – రోట్ – రిటన్' మొదటి వర్గానికి చెందినవి. 'సింగ్ – స్యాంగ్ – సంగ్', 'డ్రింక్ – డ్ర్యాంక్ – డ్రంక్' మూడవ వర్గానికి చెందినవి. అంటే నేటి పట్టికలో చెల్లాచెదురుగా కనిపించేవి ఒకనాడు ఒకే కుదురులోనివి.

ఈ అచ్చు మార్పు ఆంగ్లానికి మాత్రమే పరిమితం కాదు. సంస్కృతంలో 'వేద' అంటే 'నాకు తెలుసు', 'విద్మ' అంటే 'మాకు తెలుసు'. జర్మానిక్ శాఖకు చెందిన గోతిక్ భాషలో ఇవే అర్థాలకు 'వైత్', 'వితుమ్' రూపాలున్నాయి. ఏకవచనంలో ఒక అచ్చు, బహువచనంలో మరొక అచ్చు రావడం రెండింటికీ సమానం. ప్రాచీన ఆంగ్లంలోనూ 'పాడాడు' అనడానికి 'సంగ్', 'పాడారు' అనడానికి 'సుంగొన్' అనే వేర్వేరు రూపాలుండేవి. కాలక్రమంలో ఈ వచనభేదం నశించింది. 'వాజ్', 'వర్' అన్న జంటలో మాత్రమే దాని ఛాయ మిగిలింది. గుణవృద్ధులు పరిచితమైన తెలుగు పాఠకుడికి ఈ వ్యవస్థ అపరిచితం కాకూడదు.

దుర్బలక్రియలలో కొన్ని కూడా నేడు క్రమరహితాలుగా కనిపిస్తాయి. 'కీప్ – కెప్ట్', 'మీట్ – మెట్' జంటలలో ప్రత్యయం చేరినప్పుడు ఏర్పడిన హల్లుల కలయికకు ముందు దీర్ఘం హ్రస్వమైంది. 'థింక్ – థాట్', 'బ్రింగ్ – బ్రాట్' రూపాలలో ప్రాచీన దశలోనే అనునాసికం లోపించింది. 'సెట్' వంటి వాటిలో ప్రత్యయం ధాతువు చివరి హల్లులో కలిసిపోయింది. ఇవన్నీ ధ్వని సూత్రాల ఫలితాలే తప్ప యాదృచ్ఛికాలు కావు. నిజమైన అతుకు 'గో – వెంట్' జంటలో ఉంది. 'వెంట్' నిజానికి 'వెండ్' అనే మరొక క్రియకు భూతకాల రూపం. 'గో'కు ఉన్న పాత భూతకాల రూపాన్ని తొలగించి ఇది ఆ స్థానాన్ని ఆక్రమించింది.

3. వర్గాల నుంచి అక్షరక్రమానికి:
విలియం బులోకర్ 1586లో ప్రచురించిన చిన్న పుస్తకాన్ని తొలి ఆంగ్ల వ్యాకరణంగా గుర్తిస్తారు. లాటిన్ చట్రంలో ఆంగ్లాన్ని అమర్చే ప్రయత్నం అక్కడ నుంచి చాలాకాలం సాగింది. 1762లో వెలువడిన రాబర్ట్ లౌత్ వ్యాకరణం క్రమరహిత క్రియలను రూపాన్ని బట్టి విభజించింది. సంకోచం చెందినవి, చివర 'జీ, హెచ్, టీ' అక్షరాలు వచ్చేవి, 'ఎన్' అంతమందు గలవి అన్న మూడు విభాగాలు అందులో కనిపిస్తాయి. భూతకాల రూపాన్ని, భూతకృదంతాన్ని ఒకదానికి బదులు మరొకటి వాడడాన్ని లౌత్ తప్పుపట్టాడు. ప్రసిద్ధ రచయితల వాక్యాలనే అందుకు ఉదాహరణలుగా చూపాడు. దీన్నిబట్టి 18వ శతాబ్దిలో ఆంగ్లం మాతృభాషగా గల పెద్ద రచయితల వాడుకలోనూ ఈ రూపాలు స్థిరపడలేదని తెలుస్తుంది.

1795లో లిండ్లీ మర్రే ప్రచురించిన వ్యాకరణం పాఠశాలలలో విశేష ప్రచారం పొందింది. అందులో ఈ క్రియలు అక్షరక్రమంలో, మూడు వరుసలలో ఉన్నాయి. వెతుక్కోవడానికి ఈ పద్ధతి అనుకూలం. అయితే నేర్చుకోవడానికి ఉద్దేశించిన పుస్తకంలో వెతుక్కోవడానికి అనువైన క్రమం చేరడం గమనించదగినది. నిఘంటువుకు తగిన అమరిక బోధనకు ఆధారమైంది. 'సింగ్', 'రింగ్', 'డ్రింక్' ఒకదానికొకటి దూరమయ్యాయి. వాటి బంధుత్వం విద్యార్థి కంటికి కనబడకుండా పోయింది.

భారతదేశంలో 1930లలో ప్రచారంలోకి వచ్చిన రెన్, మార్టిన్‌ల పాఠశాల వ్యాకరణం బలక్రియలు, దుర్బలక్రియలు అన్న గ్రిమ్ పరిభాషను తెలుగు తరగతి గది దాకా తెచ్చింది. కానీ ఆ పేర్లు తప్ప వాటి వెనుక ఉన్న చరిత్ర విద్యార్థికి చేరలేదు. రెండు జాబితాలూ కంఠస్థానికే పరిమితమయ్యాయి.

4. వాడుకే రక్షణ:
ప్రాచీన బలక్రియలలో అనేకం క్రమంగా సాధారణ సూత్రానికి లోబడ్డాయి. 'హెల్ప్' క్రియకు ఒకనాడు 'హోల్ప్' అన్న భూతకాల రూపం ఉండేది. నేడది 'హెల్ప్‌డ్'. 'మెల్ట్' క్రియ పాత కృదంతమైన 'మోల్టెన్' విశేషణంగా మాత్రమే మిగిలింది. 2007లో నేచర్ పత్రికలో లీబర్‌మన్, అతని సహపరిశోధకులు ఈ మార్పును లెక్కగట్టారు. వారు పరిశీలించిన 177 ప్రాచీన ఆంగ్ల క్రమరహిత క్రియలలో మధ్యయుగ ఆంగ్లం నాటికి 145, నేటికి 98 మాత్రమే క్రమరహితాలుగా నిలిచాయి. వాడుక తగ్గేకొద్దీ క్రియ త్వరగా క్రమబద్ధమవుతుందని వారు నిరూపించారు. ఒక క్రియ వాడుక మరొకదాని కంటే 100 రెట్లు తక్కువైతే, అది 10 రెట్లు వేగంగా సూత్రానికి లోబడుతుందని వారి గణన.

దీనికి భిన్నమైన మార్గమూ ఉంది. ఫ్రెంచి నుంచి వచ్చిన 'క్యాచ్' అప్పటికే ఉన్న క్రియల సామ్యంతో 'కాట్' అన్న రూపాన్ని సంతరించుకుంది. 'డిగ్' క్రియకు మొదట 'డిగ్‌డ్' ఉండేది. 'డగ్' తరువాత వచ్చింది. అంటే క్రమరహిత వర్గాలు కేవలం శిథిలాలు కావు. ధ్వనిసామ్యం బలంగా ఉన్నచోట అవి కొత్త క్రియలను కూడా ఆకర్షించగలవు. ఈ విధంగా వాడుక, సామ్యం అన్న రెండు శక్తులు ఈ క్రియల చరిత్రను నడిపించాయి. ఆంగ్లంలో అత్యధికంగా వాడే 'బి, హ్యావ్, డు, సే, గో, కమ్, టేక్, సీ, గెట్, మేక్' అన్నీ క్రమరహితాలే కావడం ఇందుకు తార్కాణం.

5. శిశువు 'తప్పు', శాస్త్ర చర్చ:
భాషాచరిత్రను నడిపిన ఈ శక్తులే శిశువు భాషార్జనలోనూ పనిచేస్తాయి. 1958లో జీన్ బెర్కో కల్పిత పదాలతో పిల్లలను పరీక్షించింది. 'గ్లింగ్' అన్న లేని క్రియకు భూతకాలం అడిగినప్పుడు పిల్లలు ఎక్కువగా 'గ్లింగ్‌డ్' అన్నారు. పెద్దలలో అనేకులు 'సింగ్' సామ్యంతో 'గ్ల్యాంగ్', 'గ్లంగ్' అన్నారు. ఎన్నడూ వినని పదానికి రూపం చెప్పారంటే పిల్లలు సూత్రాన్ని ఆకళించుకున్నారన్నమాట. పెద్దలు ఆ సూత్రంతో పాటు ధ్వని వర్గాలను కూడా గ్రహించారని స్పష్టమవుతుంది.

ఆంగ్లం మాతృభాషగా గల శిశువు మొదట 'వెంట్' అని సరిగా పలుకుతాడు. సూత్రం పట్టుబడిన తరువాత 'గోడ్' అనడం మొదలుపెడతాడు. ఆపై మళ్లీ 'వెంట్'కు వస్తాడు. ఈ పరిణామాన్ని సూత్రం అవసరం లేకుండా, కేవలం అనుబంధాల జాలంతో వివరించవచ్చని 1986లో రూమెల్‌హార్ట్, మెక్‌లెలండ్ ఒక కంప్యూటర్ నమూనాతో వాదించారు. 1988లో పింకర్, ప్రిన్స్ దానిని ఖండించారు. సామాన్య రూపాలకు సూత్రం, క్రమరహిత రూపాలకు జ్ఞాపకం ఆధారమన్నది వారి పక్షం. 1992లో మార్కస్, అతని సహపరిశోధకులు 83 మంది పిల్లల మాటలలోని 11,521 క్రమరహిత క్రియల భూతకాల ప్రయోగాలను పరిశీలించారు. సూత్రాన్ని అతిగా వర్తింపజేసే పొరపాట్ల మధ్యగత విలువ 2.5 శాతమేనని తేల్చారు. తరచుగా విన్న క్రియలలో ఈ పొరపాటు తక్కువ. ఈ వివాదంలో ఏ పక్షాన్ని స్వీకరించినా ఒక విషయంలో భేదం లేదు. వినికిడి ఎంత ఎక్కువైతే రూపం అంత స్థిరపడుతుంది.

6. తెలుగు క్రియలతో పోలిక:
తెలుగు క్రియలన్నీ ఒకే మూసలో ఒదుగుతాయనుకోవడం సరికాదు. 'వచ్చాడు – రాడు', 'తెచ్చాడు – తేడు', 'చచ్చాడు – చావడు', 'ఇచ్చాడు – ఇవ్వడు' రూపాలలో ధాతువు మారినట్లు కనిపిస్తుంది. వీటిలో 'వచ్చు', 'రా' రూపాలకు పైకి ఏ పోలికా లేదు. కానీ తమిళంలో 'వరు – వా', కన్నడంలో 'బరు – బా' రూపాలను పక్కన ఉంచితే వాటి ఏకమూలం తెలుస్తుంది. వర్ణవ్యత్యయం వల్ల రేఫ పదాదికి చేరి, వకారం లోపించి 'రా' ఏర్పడిందని ద్రావిడ భాషాశాస్త్రం వివరిస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో ప్రచురించిన తెలుగు ధాతువుల అధ్యయనం ఇలాంటి పరిణామాల పరిశీలనకు దృఢమైన పునాది వేసింది. 'సింగ్ – స్యాంగ్' లాగే ఇదీ కనుమరుగైన క్రమం. నిత్యం వాడే క్రియలలోనే ఇది నిలవడమూ ఆంగ్లంలోని స్థితినే పోలి ఉంది. తెలుగు పిల్లలెవ్వరూ వీటిని పట్టికగా నేర్వలేదు.

భారతీయ వ్యాకరణ సంప్రదాయం ఇటువంటి రూపాలను వర్ణించిన తీరు కూడా విలక్షణం. పాణినీయంలో 'దృశ్' ధాతువుకు కొన్ని ప్రత్యయాల ముందు 'పశ్య' ఆదేశంగా వస్తుంది. 'అస్' స్థానంలో 'భూ' వస్తుంది. ఇవి వ్యవస్థకు వెలుపలి అపవాదాలుగా మిగలవు. ఎక్కడ ఏ రూపం వస్తుందో నిర్దేశించే విధిలో భాగమవుతాయి. 1858 నాటి బాలవ్యాకరణంలోనూ ఆదేశ పరిభాష ప్రముఖం. ఆంగ్ల పట్టిక ఏ రూపాలు ఉన్నాయో చెబుతుంది. ఆదేశ దృష్టి ఏ సందర్భంలో ఏ రూపం రావాలో చెబుతుంది. విద్యార్థికి అవసరమైనది రెండవదే.

'డిడ్ నాట్ వెంట్' అన్న ప్రయోగం ఇందుకు నిదర్శనం. పట్టిక అప్పజెప్పగల విద్యార్థి సైతం ఈ పొరపాటు చేస్తాడు. నిజానికి తెలుగులో 'వెళ్ళాడు' వ్యతిరేకార్థంలో 'వెళ్ళలేదు' అవుతుంది. 'వచ్చాడు' అన్నది 'రాలేదు' అవుతుంది. వ్యతిరేకార్థం రాగానే ప్రధాన క్రియ భూతకాల రూపాన్ని వదులుతుంది. ఆ బాధ్యతను 'లేదు' స్వీకరిస్తుంది. ఆంగ్లంలో 'డిడ్' చేసేదీ ఇంచుమించు ఇదే. 'వచ్చాడు – రాలేదు', 'కేమ్ – డిడ్ నాట్ కమ్' జంటలను పక్కపక్కన ఉంచితే మాతృభాషా జ్ఞానమే ఆంగ్ల నియమానికి దారి చూపుతుంది.

7. బోధనకు సంబంధించిన పర్యవసానాలు:
వాడుకను బట్టి పదాలను ఎంచి బోధించాలన్న ఆలోచనకు భారత ఉపఖండంతో సన్నిహిత సంబంధం ఉంది. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1926లో బెంగాల్ ద్విభాషా సమస్యపై తన అధ్యయనాన్ని ప్రచురించాడు. పరిమిత పదజాలంతో వాచకాలు రూపొందించాడు. 1953లో సుమారు 2,000 పదాల జాబితాను వెలువరించాడు. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడడంతో ఆంగ్ల బోధనపై పరిశోధనకు, ఉపాధ్యాయ శిక్షణకు తెలుగు ప్రాంతంలోనే వేదిక లభించింది. అయినా అక్షరక్రమ పట్టిక పాఠశాలను వీడలేదు.

పట్టిక పూర్తిగా నిరర్థకమనడం న్యాయం కాదు. ఇంట్లో, వీధిలో ఆంగ్లం వినే అవకాశం లేని విద్యార్థికి అది లోపించిన వినికిడికి ప్రత్యామ్నాయం. అందువల్లనే దాని అమరిక ముఖ్యమవుతుంది. ఆంగ్లం చుట్టూ వినిపించే ఇంట్లో పెరిగిన విద్యార్థికి పట్టిక ఎలా ఉన్నా నష్టం లేదు. దానిపైనే ఆధారపడిన విద్యార్థికి మాత్రం ఆ అమరికే భాష. 'ఎబైడ్', 'ఎరైజ్' వంటి అరుదైన క్రియలతో మొదలయ్యే జాబితా, అతని పరిమిత శ్రమను తక్కువ ప్రయోజనం ఉన్నచోట వెచ్చింపజేస్తుంది.

8. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. ఆంగ్ల క్రమరహిత క్రియలలో అధికభాగం ప్రాచీన అచ్చు మార్పుల, ధ్వని పరిణామాల అవశేషాలు. 'వెంట్' వంటి నిజమైన అతుకులు స్వల్పం.
2. అక్షరక్రమ పట్టిక భాషాస్వభావం నుంచి పుట్టినది కాదు. వ్యాకరణ గ్రంథాల అమరిక నుంచి పుట్టినది.
3. ఈ రూపాలను భాషలో నిలిపినదీ, శిశువు మనసులో స్థిరపరిచేదీ తరచైన వాడుకే. కనుక నిత్యవ్యవహారంలోని క్రియలు ముందు, అరుదైనవి తరువాత రావాలి. మిగిలినవాటిని 'సింగ్ – రింగ్ – డ్రింక్' వంటి ధ్వని కుటుంబాలుగా, వాక్యాలలో పరిచయం చేయాలి.
4. 'క్యాచ్‌డ్' వంటి పొరపాటు సూత్రగ్రహణానికి సూచన. దానిని అజ్ఞానంగా లెక్కించే మూల్యాంకనం పునఃపరిశీలించదగినది.
5. తెలుగులోని 'వచ్చు – రా' వంటి రూపాలు, 'లేదు' ప్రయోగం ఆంగ్ల బోధనలో వినియోగించుకోదగిన వనరులు.

తెలుగు క్రియల స్వభావం తెలిసిన ఉపాధ్యాయుడు ఆంగ్ల క్రియల తరగతిలోనూ అవసరమే. రెండు భాషల అధ్యాపకులు ఈ పాఠాన్ని కలిసి రూపొందించుకోగలిగితే, "ఇవి ఇంతే" అన్న సమాధానం స్థానంలో విద్యార్థికి ఒక కారణం దొరుకుతుంది.