గట్టు కింది ముళ్లెలుక

తొలకరికి ఉసిళ్లు లేచిన ఒక రాత్రి, గుమ్మఘట్టలో మా శనగకాయ చేని గట్టు మీద మొదటిసారి ముళ్లెలుకను చూసినాను. బ్యాటరీ లైటు పడగానే ముద్దయిపోయింది. సంచి మూతికి తాడు లాగినట్టు వీపు చర్మం అంచున కండరం బిగిసి, తలా కాళ్లూ లోపలికి పోయినాయి. కాసేపటికి ముళ్ల సందులోంచి తడి ముట్టె ఒకటి బయటికొచ్చి వాసన చూసింది.

"ముట్టద్దు రా, అది చేను తినేది కాదు, పురుగుల్ని తినేది" అనింది అవ్వ.

ఏదుపందితో దీన్ని కలిపేస్తారు, తప్పు. ఏదుపంది ఎలుకల వర్గానిది, గడ్డలూ కాయలూ కొరుకుతుంది. దీనికి పేరులోనే ఎలుక. మొనదేలిన పళ్లు పెంకుపురుగుల్ని, చెదల్ని నమలడానికే. ముళ్లు గట్టిపడిన వెంట్రుకలు.

దక్షిణ భారతంలో తప్ప ఎక్కడా లేని ఈ జీవిని 1851లో థామస్ హార్స్‌ఫీల్డ్ లండన్‌లో, ఈస్టిండియా కంపెనీ మ్యూజియం జాబితాలో శాస్త్రానికి పరిచయం చేసినాడు. తమిళనాడులో పిల్లల దగ్గుకు దీని ముళ్ల చర్మాన్ని మందుగా వాడే ఆచారం ఉంది. ఈతకు ఒకటీ రెండు పిల్లలే పెట్టే జీవి! తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ట్రాక్టర్లొచ్చినాక గట్లు చదునవుతూ వచ్చినాయి. ఆ ఒక్క గట్టును నేను దున్ననివ్వలేదు.