కటకటాల వెనక మొదలైన వెతుకులాట

1952లో టెక్సస్ రాష్ట్రం గాల్వెస్టన్‌లో, టి.సి. షూ అనే పరిశోధకుడి ప్రయోగశాలలో కణాలు కడిగే ఉప్పునీళ్లు ఎవరో పలచగా కలిపేశారు. కణాలు ఆ నీళ్లు పీల్చి ఉబ్బాయి. అంతవరకూ కుప్పగా కనిపించిన క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాయి. ఆ పొరపాటే ఉపాయమైంది. మూడేళ్ల తర్వాత స్వీడన్‌లోని లుండ్‌లో, జావాలో పుట్టిన జో హిన్ చియో ఆ పద్ధతిలోనే లెక్కపెట్టి చూస్తే, మనిషికి 48 క్రోమోజోములని పాఠ్యపుస్తకాలు ఏళ్ల తరబడి చెప్పింది తప్పని తేలింది. ఉన్నవి 46. ఆల్బర్ట్ లెవాన్‌తో కలిసి 1956లో ఆయన ఆ సంగతి ప్రకటించాడు.

అప్పట్లో ఈ పని చూస్తే పిల్లల అట్టముక్కల ఆటలా ఉండేది. సూక్ష్మదర్శినిలోంచి ఫొటో తీసి, పెద్దది చేయించి, కత్తెరతో ఒక్కో క్రోమోజోమునీ కత్తిరించి, పొడవును బట్టి జతలు పేర్చి, కాగితం మీద జిగురుతో అంటించేవాళ్లు. 1959లో పారిస్‌లో జెరోమ్ లెజూన్ బృందం డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో అదనపు 21వ క్రోమోజోమును గుర్తించింది. అదే ఏడు ఎడిన్‌బరోలో పట్రీషియా జేకబ్స్ బృందం ఒక మగవాడిలో అదనపు ఎక్స్‌ను చూసింది.

ఇక ఎక్కడ వెతకాలి? ఇంటింటికీ తిరిగి రక్తం తీయడం కుదిరే పని కాదు. కాబట్టి ఒక్కచోట దొరికేవాళ్ల దగ్గరికే వెళ్లారు. ఆ సులువే ఈ శాస్త్రాన్ని చాలాకాలం పెడదారి పట్టించిందని నా అభిప్రాయం.

1965లో జేకబ్స్ బృందం స్కాట్లండ్‌లోని కార్‌స్టెయిర్స్‌లో, గట్టి కాపలా ఉండే మానసిక వైద్యశాలలో 197 మంది మగవాళ్లను పరీక్షించింది. 7 మందిలో అదనపు వై కనిపించింది. మామూలు జనంలో సుమారు వెయ్యిమంది మగపిల్లల్లో ఒక్కరికి ఉండేది అక్కడ అంతమందిలో కనిపించేసరికి వై అంటే దౌర్జన్యం అన్న మాట పుట్టింది. 1966లో షికాగోలో ఎనిమిదిమంది నర్సింగ్ విద్యార్థినులను, నర్సులను చంపిన రిచర్డ్ స్పెక్‌కు రెండు వైలు ఉన్నాయని 1968లో పత్రికలు రాసేశాయి. పరీక్షలో అతడివి అందరికీ ఉండే 46 క్రోమోజోములేనని తేలింది. కానీ పుకారు ఆగలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదని మనవాళ్లంటారు. ఆ సామెతకే తెల్లకోటు తొడిగి తిప్పారన్నమాట.

దానికి జవాబు డెన్మార్క్ నుంచి వచ్చింది. 1976లో విట్కిన్ బృందం ఆసుపత్రులనూ జైళ్లనూ వదిలేసి, కోపెన్‌హాగెన్‌లో పుట్టిన పొడగరులను వెతికి 4,139 మందిని పరీక్షించింది. రెండు వైలున్నవాళ్లు 12 మంది దొరికారు. వాళ్లలో 5 మందికి నేరచరిత్ర ఉన్నా, దౌర్జన్యం వైపు ప్రత్యేకమైన మొగ్గు ఉందనడానికి ఆధారం దొరకలేదు. ఇంత జరిగినా, ఆ మనిషి లోపల ఏం అనుభవిస్తున్నాడని అప్పటిదాకా అడిగినవాళ్లు తక్కువ. ఎదుటివాళ్లకి ఏం చేస్తాడన్నదే ప్రశ్న.

వింతేమిటంటే, మనసు జబ్బుల వైపు దారి చూపిన ఒక కుటుంబం కూడా అలాంటి సర్వేలోనే బయటపడింది. స్కాట్లండ్‌లో నేరం చేసిన కుర్రాళ్లను పరీక్షిస్తుంటే, ఒకడిలో 1వ, 11వ క్రోమోజోములు విరిగి ముక్కలు మార్చుకున్నట్టు కనిపించింది. 1970లో ఆ సంగతి అచ్చయింది. వైద్యులు ఆ కుటుంబాన్ని వదల్లేదు. 1990 నాటికి 77 మందిని పరీక్షిస్తే 34 మందిలో ఆ మార్పు ఉంది. ఆ 34 మందిలో 16 మందికి మానసిక రోగం ఉంది. మార్పు లేని 43 మందిలో అయిదుగురికే. ఇంకో విషయం కూడా గమనించాలి: ఇంటిల్లిపాదికీ విరుపు ఒకటే, జబ్బు ఒకటి కాదు. ఒకరికి స్కిజోఫ్రెనియా, ఇంకొకరికి తీవ్రమైన కుంగుబాటు. వైద్యగ్రంథాలు గీసిన సరిహద్దులు క్రోమోజోముకి పట్టలేదు. ఆ విరుపు దగ్గరున్న జన్యువుకి 2000లో డిస్క్1 అని పేరుపెట్టారు. మిగతా లోకంలోని స్కిజోఫ్రెనియాకి అదే తాళంచెవి అనుకున్న ఆశ మాత్రం పెద్ద పరిశోధనల్లో నిలబడలేదు.

అసలు మలుపు మానసిక వైద్యుల దగ్గర రాలేదు. 1955లో ప్రాగ్‌లో ఎవా సెడ్లచ్కోవా అంగిలి సరిగా కదలక ముక్కుతో మాట్లాడే పిల్లలను వర్ణించింది. అంగిలి ఇలా ఉన్నప్పుడు తాగిన పాలు ముక్కులోంచి రావడం పసితనంలోనే తల్లి గమనించవచ్చు. 1965లో ఫిలడెల్ఫియాలో ఏంజెలో డిజార్జ్ థైమస్ గ్రంథి లేని పసివాళ్లను చూశాడు. 1978లో న్యూయార్క్‌లో రాబర్ట్ ష్ప్రింట్‌జెన్ అంగిలి లోపం, గుండె లోపం, ముఖం తీరు కలిపి ఇంకో పేరు పెట్టాడు. ఎవరి అవయవం వాళ్లది. వీళ్లందరిలో చాలామందికి 22వ క్రోమోజోములో ఒకే చిన్న ముక్క లేదని 1990ల తొలినాళ్లలో తేలింది.

గుండె ఆపరేషన్ గట్టెక్కింది, మాట కుదుటపడింది, ఇక ఫర్వాలేదనుకున్న ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్లయ్యారు. అప్పుడు కొందరికి ఎవరూ లేనిచోట గొంతులు వినిపించడం మొదలైంది. 1992లో ష్ప్రింట్‌జెన్ బృందం ఈ సంగతి రాసింది. 1999లో బ్రిటన్‌లో ఇలాంటి 50 మంది పెద్దవాళ్లను పరిశీలిస్తే 12 మందికి స్కిజోఫ్రెనియా ఉంది. 2014లో అనేక దేశాల వాళ్లు కలిసి 1,402 మంది వివరాలు చూస్తే, చిన్నతనంలో అస్థిమితం, అన్ని వయసుల్లో ఆందోళన ఎక్కువగా కనిపించాయి. ఇంతకుముందు వీటికి జబ్బు పేరే దక్కేది కాదు. నేర్చుకోవడంలో వెనకబడ్డవాడు బెదురుతుంటే ‘వాడంతే’ అనేవాళ్లు. ఒక లోపం కనిపిస్తే దాని నీడలో మరో రోగాన్ని వైద్యులు చూడలేకపోతారని 1982లోనే స్టీవెన్ రైస్, ఆయన సహచరులు రాశారు.

ఇప్పుడు పని తీరు వేరు. 22వ క్రోమోజోములో ముక్క లేని మనిషి ఉన్నట్టుండి కంగారుపడుతున్నా, చేతులు కొంకర్లు పోతున్నా, ముందు రక్తంలో కాల్షియం చూడాలి. పారాథైరాయిడ్ గ్రంథులు సరిగా పనిచేయకపోతే కాల్షియం పడిపోతుంది, అది చూడ్డానికి మనోవ్యాధిలాగే ఉండొచ్చు. మామూలు మందులకు లొంగని స్కిజోఫ్రెనియాకి వాడే క్లోజపిన్ వీళ్లకీ పనిచేస్తుంది, కానీ ఫిట్స్ భయం ఎక్కువ కాబట్టి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు.

బిడ్డకి ఈ మార్పు ఉందని తేలాక తల్లిదండ్రులనూ పరీక్షిస్తారు. ఎక్కువమందిలో అది బిడ్డతోనే కొత్తగా మొదలై ఉంటుంది. సుమారు పదింట ఒక కేసులో మాత్రం తల్లికో తండ్రికో కూడా ఉంటుంది. అంతవరకూ వాళ్లు స్కూల్లో మొద్దు అనిపించుకుని, తర్వాత ఏవో నిద్రమాత్రలతో నెట్టుకొస్తూ ఉండొచ్చు. పిల్లవాడి రక్తపరీక్ష కాగితం చేతికొచ్చిన రోజునే వాళ్లకీ తమ సంగతి తెలుస్తుంది.