పాలకుల హద్దులు, విశ్వాసుల హద్దులు: ఆదోని - ఎమ్మిగనూరు సీమ కథోలిక చరిత్ర

ఉపోద్ఘాతం

ఒక ప్రాంతంలోకి క్రైస్తవ సంఘం ప్రవేశించే మార్గాలు ప్రధానంగా రెండు. పాలకుని సైన్యం వెంట వచ్చేది ఒకటి. సైన్యం తోడు లేకుండా, స్థానిక ప్రభువుల అనుమతితో వచ్చేది రెండవది. గ్రీకు ద్వీపాలలోని నక్సోస్ అగ్రపీఠం మొదటి మార్గానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. రాయలసీమ కథోలిక సంఘం రెండవ మార్గానికి చెందినది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, కర్నూలు జిల్లా పశ్చిమ భాగమైన ఆదోని, ఎమ్మిగనూరు సీమ చరిత్రలో ఒక విషయం స్పష్టమవుతుంది. ఇక్కడ పాలకుల హద్దులు అనేకమార్లు మారాయి. సంఘం భాషా హద్దును దాటగలిగింది. కుల హద్దు మాత్రం మూడు శతాబ్దాలుగా దానికి పరీక్షగానే మిగిలి ఉంది.

నక్సోస్ నుంచి పుంగనూరు వరకు

నాలుగవ క్రూసేడు 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ను కొల్లగొట్టిన తరువాత, వెనిస్‌కు చెందిన మార్కో సనూదో నక్సోస్ ద్వీపాన్ని ఆక్రమించి ఒక డచీని స్థాపించాడు. ఆర్థడాక్స్ విశ్వాసుల నడుమ లాటిన్ పీఠాలు వెలిశాయి. పదహారవ శతాబ్దంలో నక్సోస్ ఒట్టోమన్‌ల అధీనమైంది. టినోస్ ద్వీపం 1715 వరకు వెనిస్ చేతిలో నిలిచింది. ప్రభువులు పోయినా సంఘం పోలేదు. లాటిన్ సంప్రదాయాన్ని పాటిస్తూ గ్రీకు మాట్లాడే కుటుంబాలు దానిని నిలబెట్టాయి. 1627లో ఫ్రెంచి యేసుసభ గురువులు నక్సోస్‌కు చేరారు.

అదే యేసుసభకు చెందిన ఫ్రెంచి గురువులు 1688 నాటి తిరుగుబాటు కారణంగా సయాం నుంచి వెళ్లిపోవలసి వచ్చింది. పుదుచ్చేరి చేరిన ఆ గురువులు పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభంలో కర్నాటక మిషన్‌ను ప్రారంభించారు. పుంగనూరు, కృష్ణాపురం వంటి చోట్ల కేంద్రాలు ఏర్పడ్డాయి. లెవాంట్ నుంచి, కర్నాటక మిషన్ నుంచి గురువులు రాసిన లేఖలు పారిస్‌లో ఒకే లేఖా సంపుటాల వరుసలో అచ్చయ్యాయి. అయితే పరిస్థితులు వేరు. తెలుగు సీమలో వారి వెనుక ఫ్రెంచి కోట లేదు. పాలెగార్ల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడి, సన్యాసుల వేషం ధరించి, మాంసం విసర్జించి, స్థానిక భాష నేర్చుకొని వారు జీవించారు. భాష నేర్వక తప్పని ఆ స్థితి నుంచే ఈ మిషన్ పాండిత్యం పుట్టింది. జాన్ కల్మెత్ పంపిన వేదాల ప్రతులు తెలుగు లిపిలో పారిస్ రాజ గ్రంథాలయానికి చేరాయి. గాస్తోఁ లోరాఁ కూర్దూ 1767లో సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో ఉన్న బంధుత్వాన్ని వివరించాడు. విలియం జోన్స్ ప్రసిద్ధ ప్రసంగానికి ఇది పంతొమ్మిదేళ్ల ముందటి మాట.

ఆదోనిలో ఫ్రెంచి దళం

ఆదోని చరిత్రలో ఫ్రెంచివారి పేరు మరొక రీతిగా కూడా వినిపిస్తుంది. విజయనగర పతనానంతరం ఆదిల్‌షాహీల చేతికి, ఆ తరువాత మొఘలులకు, వారి నుంచి ఆసఫ్‌జాహీలకు చిక్కిన ఈ దుర్గం, నిజాం అలీ సోదరుడైన బసాలత్ జంగ్‌కు నివాసమైంది. 1770లలో అతని కొలువులో లాలీ అనే అధికారి నాయకత్వాన ఫ్రెంచి దళం ఉండేది. బళ్లారి పాలెగారిని లొంగదీయడానికి ఆ దళం వెళ్లగా, హైదర్ అలీ మెరుపువేగంతో వచ్చి దానిని ఓడించాడు. తరువాత లాలీ హైదర్ కొలువులోనే చేరాడు. జీతానికి పోరాడే సేన ప్రభువు మారగానే స్థలం మారుస్తుంది. నక్సోస్‌లో సైన్యం సంఘానికి నాంది పలికింది. రాయలసీమలో సంఘానికి ఆధారమైనవి ఉపదేశులు, కుటుంబ బంధుత్వాలు, తెలుగులో సాగిన బోధ.

మారిన అధికారాలు

1773లో పోపు యేసుసభను రద్దు చేయడంతో కర్నాటక మిషన్‌కు పెద్ద దెబ్బ తగిలింది. దాని బాధ్యతను 1776లో పారిస్ విదేశీ మిషన్ సంఘం స్వీకరించింది. రాజకీయంగానూ ఇది కల్లోల కాలమే. 1786లో టిప్పు సుల్తాను ఆదోనిని పట్టుకున్నాడు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో చేరింది. తూర్పున కర్నూలు మాత్రం 1839 వరకు నవాబుల ఏలుబడిలోనే కొనసాగింది. నేడు ఒకే జిల్లాగా కనిపించే నేల అప్పుడు రెండు వేర్వేరు పాలనల కింద ఉండేది.

మత పాలన కేంద్రం మద్రాసుకు మారింది. 1832లో ఏర్పడిన మద్రాసు వికారియేట్‌ను మొదట ఐరిష్ మేత్రాణులు నడిపారు. 1875 తరువాత తెలుగు ప్రాంతాలలో మిల్‌హిల్ గురువులు పని ప్రారంభించారు. వెంటనే 1876-78 నాటి మహా కరువు వచ్చింది. బళ్లారి, కర్నూలు జిల్లాలు దాని తాకిడికి అతి తీవ్రంగా నష్టపోయాయి. ఆ కరువు దశాబ్దంలో తెలుగు సీమ క్రైస్తవం స్వరూపమే మారింది. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వీరిలో అత్యధికులు మాదిగలు. అంతకుముందు కథోలిక సంఘంలో రెడ్డి, కమ్మ కుటుంబాల స్థానం ప్రధానం కాగా, ఆ తరువాతి తెలుగు క్రైస్తవ సమాజంలో మాల, మాదిగలే అధికసంఖ్యాకులయ్యారు.

భాషా హద్దు: 1953 నుంచి 1967 వరకు

1928లో నెల్లూరు మేత్రాసనం ఏర్పడింది. అదే సంవత్సరం బళ్లారి కూడా ప్రత్యేక మిషన్ అయి, 1949లో మేత్రాసనంగా ఎదిగింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు బళ్లారి జిల్లా చీలిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో నిలిచాయి. బళ్లారి మైసూరుకు వెళ్లింది. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి.

1967 జూన్ 12న నెల్లూరు మేత్రాసనపు భూభాగం నుంచి కర్నూలు మేత్రాసనం వేరుపడింది. జోసెఫ్ రాజప్ప తొలి మేత్రాణులు. కర్నూలు, అనంతపురం జిల్లాలు దాని పరిధి. తెలుగు, కన్నడ, ఉర్దూ కలగలిసిన వ్యాపార పట్టణం ఆదోని, నేత సహకార సంఘంతో పేరొందిన ఎమ్మిగనూరు ఆ విధంగా తెలుగు మేత్రాసనంలో భాగమయ్యాయి. రెండవ వాటికన్ మహాసభ 1965లో ముగిసింది. దివ్యబలిపూజ లాటిన్ నుంచి ప్రజల భాషలోకి వస్తున్న ఆ రోజులలోనే ఈ మేత్రాసనం పుట్టింది. భాషా రాష్ట్రం వెంట భాషా ప్రార్థన కూడా స్థిరపడింది.

కుల హద్దు

భాష విషయంలో సాధ్యమైన సయోధ్య కులం విషయంలో సాధ్యం కాలేదు. కర్నాటక మిషన్ తొలినాళ్లలోనే ఈ సమస్య ఎదురైంది. 1704లో పోపు ప్రతినిధి తూర్నాఁ పుదుచ్చేరిలో వెలువరించిన ఆజ్ఞ, స్థానిక ఆచారాలకు మిషన్ ఇచ్చిన మినహాయింపులను ప్రశ్నించింది. అంటరానివారి ఇళ్లకు వెళ్లి రోగులకు సంస్కారాలు ఇవ్వాలా, వద్దా అన్నది అందులో కీలకాంశం. 1744లో పదునాలుగవ బెనెడిక్ట్ పోపు కాలంలో కనుగొన్న పరిష్కారం, ఆ వర్గాల సేవకే ప్రత్యేకంగా కొందరు గురువులను నియమించడం. సేవ అందింది గాని వేర్పాటు చెరగలేదు.

స్వతంత్ర భారతంలో ఈ హద్దు చట్ట రూపం దాల్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా విస్తరించింది. క్రైస్తవులకు విస్తరించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులు ఒక శాతం రిజర్వేషన్ గల బీసీ-సీ వర్గంలో ఉన్నారు. వారికి షెడ్యూల్డు కుల హోదా కోరుతూ రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానించింది. జ్ఞానస్నానం పొందినంత మాత్రాన గ్రామంలో కులం మారదు. మారేది ప్రభుత్వ ధ్రువపత్రమే.

ఈ నేపథ్యంలో కర్నూలు పీఠపు ఇటీవలి చరిత్రకు విశేష ప్రాధాన్యం ఉంది. చిందుకూరులో 1961లో జన్మించిన పూల ఆంథోనీ 2008 నుంచి 2020 వరకు కర్నూలు మేత్రాణులుగా ఉన్నారు. తరువాత హైదరాబాదు అగ్రపీఠాధిపతులై, 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనూ, దళిత సమాజంలోనూ ఆ పదవి పొందిన మొదటి వ్యక్తి ఆయనే.

ముగింపు

నక్సోస్ అగ్రపీఠం తనను తెచ్చిన ప్రభువులు అంతరించిన తరువాత కూడా నిలిచింది. కర్నూలు మేత్రాసనానికి అటువంటి ప్రభువులు మొదటి నుంచీ లేరు. రెండు చోట్లా సంఘాన్ని నిలిపినవారు స్థానిక భాష మాట్లాడే సామాన్య కుటుంబాలవారే. ఆదోని, ఎమ్మిగనూరు సీమలో నవాబుల, కంపెనీ, జిల్లా, రాష్ట్ర హద్దులన్నీ ఒక్కొక్కటిగా చెరిగి మళ్లీ గీయబడ్డాయి. 1704లో పుదుచ్చేరిలో లేచిన ప్రశ్న మాత్రం ముగియలేదు. కార్డినల్ పదవి ఆ ప్రశ్నకు ఒక గౌరవప్రదమైన సమాధానం. పూర్తి సమాధానం విచారణలలో, శ్మశాన వాటికలలో, ధ్రువపత్రాలలో వెలువడవలసి ఉంది.