ఉలూకశకున విచారము

గృహముపై గూబ వ్రాలినచో ఆ యింటికిఁ గీడు మూడునని ఆంధ్రదేశమున బహుకాలముగా నమ్మిక కలదు. కొందఱు శాంతి సేయింతురు. కొందఱు ఆ గృహమును విడిచి కొంతకాలము పరగృహమున వసింతురు. ఈ యాచారమునకు మూలమెయ్యది, ఆ మూలమున నీ పక్షికిఁ జెప్పఁబడిన దోషమెంత యను విషయము విచారింపఁదగియున్నది.

ఋగ్వేదమున దశమమండలమందలి 165వ సూక్తము ఇందుకు ఆద్యప్రమాణము. నిరృతిదూతగాఁ గపోతము ఇంటికి వచ్చినప్పుడు తత్కృతమైన కీడు శమింపవలెనని యందలి ప్రార్థన. సూక్తమున ఋక్కులు 5. కపోతము అయిదింటను గలదు. ఉలూకము నాలవ ఋక్కున మాత్రమే కలదు. దాని కూఁత వ్యర్థమగుఁగాక యని యచ్చటి కోరిక. ఆశ్వలాయనగృహ్యసూత్రము సైతము (3-7) కపోతము గృహమునఁ జొచ్చినప్పుడే యీ సూక్తముతో హోమమునో జపమునో చేయుమని విధించినది. గృహత్యాగముగాని పక్షివధగాని యందు విధింపఁబడలేదు. కాఁబట్టి దోషము మొదటఁ గపోతమునది. ఉలూకము తోడిది మాత్రమే.

సప్తమమండలమున 104వ సూక్తమందు ఉలూకరూపమునఁ జరించు యాతువును సంహరింపుమని యింద్రుఁడు ప్రార్థింపఁబడినాఁడు. దీనిని బట్టి ఉలూకము రాక్షసమని వాదింపవచ్చును. కాని ఆ ఋక్కుననే శ్వరూపము, గృధ్రరూపము, సుపర్ణరూపము గల యాతువులును జెప్పఁబడినవి. సుపర్ణశబ్దము గరుత్మంతునకు నామమైనను ఆయన దర్శనమును అశుభమని యెవ్వరును దలఁపరు. ఉలూకమునకు మాత్రమేల యా దోషము నిలిచినది?

సమాధానము ఇతిహాసమున దొరకును. మహాభారతమందలి శిబిచరిత్రమునఁ గపోతము శరణాగతమై లోకుల జాలిఁ బడసినది; ఆ రూపము దాల్చినవాఁడు అగ్నిదేవుఁడే. సౌప్తికపర్వమునందో, వటవృక్షమున నిద్రించు కాకులను ఉలూకము సంహరించుటఁ జూచి అశ్వత్థామ నిద్రితులను వధింపఁ బూనినాఁడు. తిక్కన యీ కథను దెనిఁగించుటచే నిది యాంధ్రులకుఁ జిరపరిచితము. ఇట్లు కపోతము దోషముక్తమైనది; నరుఁడు చేసిన పాతకము పక్షికిఁ జుట్టుకొన్నది.

వ్యాకరణశాస్త్రము వేఱొకసాక్ష్యము నొసఁగుచున్నది. వైరార్థమున ద్వంద్వముపై వుఞ్ కాక వున్ ప్రత్యయమును పాణిని విధించెను (4-3-125). అచ్చటఁ గాశికావృత్తి యొసఁగిన యుదాహరణములలో 'కాకోలూకికా' యొకటి. పంచతంత్రమున మూఁడవతంత్రము కాకోలూకీయము. అమరసింహుఁడు ఉలూకమును వాయసారాతి యనెను. ఇన్నింటను జెప్పఁబడిన వైరము కాకములతోనేకాని నరులతోఁ గాదు.

మఱియు గర్గాదిగణమున ఉలూకశబ్దము పఠింపఁబడినది, తద్గోత్రజుఁడు ఔలూక్యుఁడు. 14వ శతాబ్దినాఁటి మాధవాచార్యుని సర్వదర్శనసంగ్రహమున వైశేషికమునకు ఔలూక్యదర్శనమని పేరు. కౌశికశబ్దము మహేంద్రునకును ఉలూకమునకును సమానమని యమరము చెప్పుచున్నది. అశుభమే యైనచో ఋషిగోత్రమునకు నా పేరెట్లు కలిగెడిని? తెనుఁగువారును దీనిని బైఁడికంటి యనిరి. ఆ పేరు పెట్టినవాఁడు దాని కన్నులయందు భయమును గాక బంగారమునే చూచెను.

దేశాంతరములయందలి స్థితి యిట్లే. వంగదేశమున ఉలూకము లక్ష్మీవాహనము. ఆశ్వయుజపూర్ణిమనాఁటి కోజాగరపూజయందు దేవితోఁ గూడ నదియు నర్చింపఁబడును. ప్రాచీన గ్రీసుదేశమున ఆథెన్సువారు తమ వెండినాణెములపై విద్యాధిదేవతయగు ఆథీనాకుఁ బ్రియమైన యీ పక్షిని ముద్రించిరి. 2002వ సంవత్సరమునుండి చెలామణియైన గ్రీసు ఒక యూరో నాణెముపై నా ముద్రయే కలదు.

మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణిసంరక్షణశాసనము గూబలను బట్టుటయుఁ జంపుటయు నేరమని నిర్ణయించినది. అయినను దీపావళిదినములలో క్షుద్రపూజలకై వీనిని రహస్యముగా విక్రయించువారును వధించువారును గలరు. లక్ష్మీపూజాదినమున లక్ష్మీవాహనమును జంపుటకంటె విపరీతమెయ్యది? రాత్రులందుఁ బొలములలో నెలుకలను భక్షించి పంటను గాచు పక్షి యిది. ఇంటిపై గూబ వ్రాలినప్పుడు వైదికమార్గము ననుసరింపఁగోరువాఁడు జపము చేసికొనవచ్చును. ఇల్లు విడువనక్కఱలేదు, పక్షిపై ఱాయి విసరనక్కఱలేదు. శ్రుతి కపోతమునకుఁ జూపిన దయను ఉలూకమునకును జూపుట న్యాయము.