ఆయా కొట్టంలో తొలి పలుకులు: మలయా తోటల్లో తెలుగు పసితనం

తెలుగు ఇళ్ళలో పసిబిడ్డ ఎదుగుదలకు వంటింటి పంచాంగం ఒకటుంది. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగు వేస్తే అరిసెలు, తొలి మాట పలికితే పంచదార చిలకలు ఇరుగుపొరుగుకు పంచుతారు. ఆ పిండివంటల వెనుక తరతరాల పరిశీలన ఉంది. బోర్లా పడడం, నడవడం దేహానికి సంబంధించినవి. పలకడం బుద్ధికి సంబంధించినది. ఆ ఘట్టాలను పదిమందీ గుర్తించడం బిడ్డను సంఘంలో చేర్చుకోవడం. అయితే ఈ వేడుకకు ఒక షరతు ఉంది. బిడ్డ బోర్లా పడే వేళకు చూసే మనిషి ఇంట్లో ఉండాలి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో మలయా తోటలకు వలసపోయిన తెలుగు కూలీ కుటుంబాలకు కరువైనది ఆ మనిషే.

విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుండి వెళ్ళిన ఈ కుటుంబాలు పేరాక్‌లోని బాగాన్ దాతో కొబ్బరి తోటల్లోనూ, పశ్చిమ తీరం పొడవునా రబ్బరు తోటల్లోనూ స్థిరపడ్డాయి. మలయాకు ఒప్పంద కూలీల రవాణా 1910లో ఆగిపోయాక కంగాణీల ద్వారా జరిగిన వలసే ప్రధానమైంది. కంగాణీ పనిచేయగల వయసువాళ్ళనే ఎంచుకునేవాడు. బిడ్డకు నలుగు పెట్టి, కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళుపోసే అమ్మమ్మలు, నాయనమ్మలు ఊళ్ళోనే మిగిలిపోయారు. తోటలో ఒక్క మగవాడి కూలితో ఇల్లు గడవదు. 1930 నాటి మాంద్యానికి ముందు, మెరుగైన ప్రాంతాల్లో సైతం, మగవారికి రోజుకు 50 సెంట్లు, ఆడవారికి 40 సెంట్లు ప్రామాణిక కూలి. కాబట్టి బాలింతరాలు కూడా త్వరగానే పనిలోకి దిగవలసి వచ్చేది.

రబ్బరు చెట్టు పాలు తెల్లవారుజామున, చల్లని వేళలోనే బాగా కారుతాయి. అందుకే తల్లి చీకటితోనే లేచి హాజరు పిలుపుకు వెళ్ళాలి. ఎండెక్కేలోగా చెట్లకు గాట్లు పెట్టి, ఆ తరువాత చిప్పల్లో చేరిన పాలు సేకరించి అప్పగించాలి. ఆమె తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. చంటిబిడ్డ ఆకలికీ చెట్టు పాలధారకూ వేళలు కలవవు. తోట నడిచింది చెట్టు వేళల ప్రకారం.

ఈ పొంతన లేనితనానికి తోటలు కనుగొన్న ఉపాయమే ఆయా కొట్టం. తోటల్లోని తమిళంలో దాని పేరు ‘ఆయక్కొట్టాయ్’. కూలీ లైన్ల దగ్గర ఒక కొట్టం, దూలాలకు వేలాడే గుడ్డ ఉయ్యాలలు, గాట్లు పెట్టే శక్తి ఉడిగిన ఒక వృద్ధురాలు – అంతే. మలయా సమాఖ్య రాష్ట్రాల్లో 1923లో వచ్చిన లేబర్ కోడ్ శిశువుల కొట్టాలను, ప్రసూతి భత్యాన్ని, బడిని యజమాని బాధ్యతల్లో చేర్చింది. ఒకే జాతికి చెందిన, ఏడు నుండి 14 ఏళ్ళ లోపు పిల్లలు పదిమంది ఉంటే తోటలో బడి ఉండాలి. ఈ చట్టం మేలు చేసింది, సందేహం లేదు. కానీ దాని దృష్టిలో శిశువు తల్లి పనికి అడ్డురాకుండా చూడవలసిన ప్రాణి. కొట్టం పని గంటలు తల్లి పని గంటలను బట్టే ఉండేవి. ఉయ్యాలకూ బడికీ మధ్య వయసులో బిడ్డ బుద్ధి ఎలా వికసించాలన్నది ఎవరి లెక్కలోకీ రాలేదు.

ముందుగా లెక్కలోకి వచ్చింది దేహం. అందుకు దారితీసినవారిలో సిసిలీ విలియమ్స్ ఒకరు. జమైకాలో పుట్టిన ఈ వైద్యురాలు ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో పనిచేస్తూ, మాంసకృత్తుల లోపంతో ముడిపడిన శిశువ్యాధిని 1933లో వర్ణించి, 1935లో దానికి స్థానికులు పిలిచే ‘క్వాషియోర్కర్’ అన్న పేరునే వైద్యలోకానికి పరిచయం చేశారు. తరువాతి బిడ్డ పుట్టడంతో చనుబాలకు దూరమైన బిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాటకు అర్థం. 1936లో ఆమె మలయాకు బదిలీ అయ్యారు. అక్కడ తీపి డబ్బాపాలను తల్లిపాలకు ప్రత్యామ్నాయంగా అమ్ముతున్న తీరు చూసి, 1939లో సింగపూర్ రోటరీ క్లబ్‌లో ‘మిల్క్ అండ్ మర్డర్’ పేరిట ప్రసంగించారు. తెలిసి తెలిసి శిశువులకు చేటు చేసే ఇటువంటి ప్రచారాన్ని హత్యగానే పరిగణించాలన్నది ఆమె వాదన. చీకటితో పనికి వెళ్ళి మధ్యాహ్నానికి గాని తిరిగిరాని తల్లి బిడ్డకు ఈ డబ్బాపాలు ఎంత సులువైన దారిగా కనిపించి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

ఇంతలో యుద్ధం వచ్చింది. జపాన్ ఆక్రమణ కాలంలో తోటల మగవారిని వేల సంఖ్యలో సయామ్–బర్మా రైలు మార్గం పనికి తరలించారు. చాలామంది తిరిగి రాలేదు. బియ్యం దొరక్క కర్రపెండలమే ఆహారమైంది. కడుపు నిండినా మాంసకృత్తులు దాదాపు లేని తిండి అది. విలియమ్స్ చాంగీ చెరసాలలో బందీగా గడిపి, విడుదలయ్యాక, 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మాతాశిశు విభాగానికి తొలి అధిపతి అయ్యారు. అదే సంస్థ కోసం జాన్ బౌల్బీ రాసిన నివేదిక 1951లో వెలువడింది. పసిబిడ్డ మానసిక ఆరోగ్యానికి తల్లితోగానీ, తల్లి స్థానంలో నిలకడగా ఉండే మరొకరితోగానీ ఆత్మీయమైన, ఎడతెగని అనుబంధం అవసరమని ఆ నివేదిక తేల్చింది.

ఈ మాటను ఆయా కొట్టానికి అన్వయించి చూస్తే తెలుగువారి కథ మరోలా కనిపిస్తుంది. తోటల్లో అధిక సంఖ్యాకులు తమిళులు. కాబట్టి చాలా తోటల్లో ఆయా తమిళం మాట్లాడి ఉండాలి. తోటి ఉయ్యాలల్లో బిడ్డలూ తమిళ బిడ్డలే. ఏడుపు మాన్పినది, గంజి తాగించినది, తొలి అడుగు చూసినది ఆ వృద్ధురాలే. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే ఆరు నుండి ఎనిమిది నెలల బిడ్డలు హిందీలోని త–ట ధ్వనుల తేడాను గుర్తించగలరు. ఏడాది నిండేసరికి ఆ శక్తి బాగా తగ్గిపోతుంది. అచ్చ తమిళ పదాల మొదట్లో గ-కార ధ్వని ఉండదు. ‘కాలి’కీ ‘గాలి’కీ ఉన్న భేదాన్ని తెలుగు బిడ్డ చెవి నిలుపుకోవాలంటే అలసి వచ్చిన తల్లి సాయంకాలపు మాటలే ఆధారం. తెలుగు సన్నగిల్లడాన్ని తల్లిదండ్రుల నిర్లక్ష్యంగా చెప్పడం పరిపాటి. నిజానికి ఆ బిడ్డకు లాలన అందిన భాష తమిళం. అందుకే మాట కూడా తమిళంలో వచ్చింది.

బడి ఈ ప్రవాహాన్ని మళ్ళించలేకపోయింది. తెలుగువారు గుమిగూడి ఉన్న బాగాన్ దాతో వంటి చోట్ల తెలుగు బడులు నడిచాయి. కానీ స్వాతంత్ర్యానంతర జాతీయ విద్యావిధానంలో మలయ్, చైనీస్, తమిళ, ఇంగ్లీషు బడులకు దొరికిన స్థానం తెలుగు బడికి దొరకలేదు. 1955లో మలయా ఆంధ్ర సంఘంగా ఏర్పడి, తరువాత మలేషియా తెలుగు సంఘంగా పేరు మార్చుకున్న సంస్థ భాషా తరగతుల ద్వారా ఆ లోటు పూడ్చడానికి శ్రమిస్తూ వచ్చింది. అయితే తరగతికి వచ్చే బిడ్డ అప్పటికే ఒక భాషలో ఆడుకున్నవాడు, అలిగినవాడు, కలలు కన్నవాడు.

శిశు సంరక్షణ కేంద్రాలకు మలేషియా 1984లో ప్రత్యేక చట్టం చేసింది. కార్మికుల వసతుల గురించి 1990లో చేసిన చట్టం తోటల్లో శిశువుల కొట్టాల బాధ్యతను యజమానులపై నిలిపింది. కప్పు, పాలు, శుభ్రత, పర్యవేక్షణ – వీటిని చట్టం లెక్కించగలదు, లెక్కిస్తోంది. బిడ్డతో ఎవరు ఏ భాషలో ముచ్చటించాలన్నది చట్టం తేల్చే విషయం కాదు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళి, బిడ్డను డేకేర్‌లో దింపే నేటి నగరాల్లో కూలి మారింది, ఇల్లు మారింది. పగటి వేళ బిడ్డ వినే గొంతు మాత్రం ఇంకా బయటివారిదే. మలయా తోటల్లో తెలుగు నిలిచిన ఇళ్ళు ఏవైనా ఉన్నాయంటే, పని నుండి వచ్చాక మిగిలిన ఆ కొద్ది గంటల్లో బిడ్డతో తెలుగులో కబుర్లాడిన ఇళ్ళే అవి.